మురుగు ఎదురుతన్నిన భవనంలోకి మళ్లీ ఎప్పుడు వెళ్లాలి?

మనది కరువు ప్రాంతం. అయినా ఒక్కరోజు కుండపోత వాన ఏం చేస్తుందో చూశాం. 2020 నవంబరులో నివర్ తుపానుకు బుగ్గవంక పొంగి కడపలో ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదతో విజయవాడ సింగ్ నగర్ రోజుల తరబడి మురుగు కలిసిన నీటిలో ఉండిపోయింది. నీళ్లు తీశాక ఫైరింజన్లతో ఇళ్లు కడగవలసి వచ్చింది.

మురుగు లోపలికి రావడానికి అంత వరద కూడా అక్కర్లేదు. రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోవడంతో పాత భవనాలు పల్లంలో పడ్డాయి. బయటి కాలువ నిండితే మురుగు పోయిన దారినే తిరిగొచ్చి మరుగుదొడ్డి బేసిన్లోంచి, స్నానాల గది జాలీలోంచి పొంగుతుంది. హాస్టల్‌లోగాని, మదరసాలోగాని, షాదీఖానాలోగాని ఇలా జరిగినప్పుడు "కడిగేశాం, ఆరిపోయింది, పిల్లల్ని పిలవండి" అంటే సరిపోదు. మురుగులో టైఫాయిడ్, కలరా, పచ్చకామెర్లు తెచ్చే క్రిములుంటాయి. అందుకే ఈ ఐదు పరీక్షలూ వరుసగా జరగాలి. ఒకటి పూర్తికాకుండా రెండోదానికి పోకూడదు.

మొదటిది కరెంటు. నీళ్లలో నిలబడి మెయిన్ స్విచ్ ముట్టుకోరాదు. లైన్‌మన్‌కు చెప్పి స్తంభం దగ్గరే సరఫరా ఆపించాలి. తడిసిన ప్లగ్గులు, వైర్లు, ఎర్తింగ్ ఎలక్ట్రీషియన్ చూశాకే మళ్లీ ఇవ్వాలి.

రెండోది గాలి. తలుపులు, కిటికీలు బార్లా తెరవాలి. కుళ్లిన గుడ్ల వాసన వస్తే అది హైడ్రోజన్ సల్ఫైడ్. అది ఎక్కువైతే ముక్కు వాసన పట్టే శక్తినే కోల్పోతుంది. కనుక వాసన లేదని ధైర్యపడకూడదు. సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దించవద్దు, యంత్రంతోనే తీయించాలి. రక్షణ పరికరాలు లేకుండా దించడం 2013 చట్టం ప్రకారం నేరం.

మూడోది గోడలు, నేల. మట్టితో కట్టిన పాత రాతి గోడలు తడిస్తే పట్టు వదులుతాయి. గోడ ఉబ్బినా, వంగినా ఎవరినీ లోపలికి పంపకుండా ఇంజనీరును పిలవాలి. పగులు చివర పెన్సిలుతో గీత పెట్టి తేదీ రాయండి. పగులు గీత దాటితే అది పెరుగుతున్నట్టు. కడప బండల మీద తట్టి చూడండి. గుల్ల శబ్దం వస్తే కింద మట్టి కొట్టుకుపోయి ఉండవచ్చు. గోడకు ప్లాస్టిక్ కవరు నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజు ఉంచండి. లోపల చెమ్మ పడితే గోడ ఇంకా ఆరలేదు, రంగు వేయవద్దు.

నాలుగోది నీళ్ల సంపు. మురుగు చేరిందని అనుమానం ఉంటే మొత్తం తోడించి, గోడలు రుద్దించి, బ్లీచింగ్ నీళ్లతో కడిగించాలి. కొత్త నీళ్లు నింపాక 1,000 లీటర్లకు సుమారు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్ కలిపి గంట ఆగాలి. ల్యాబ్ పరీక్షలో బాగున్నాయని తేలేదాకా క్యాన్ నీళ్లే తాగాలి.

ఐదోది సామాను. మురుగు తగిలిన పరుపులు, దిండ్లు, బియ్యం బస్తాలు పారేయవలసిందే. నేలను ముందు సబ్బునీళ్లతో కడిగి, తరువాత బ్లీచింగ్ చల్లాలి. బురద ఉండగా చల్లితే దాని బలం బురదకే ఖర్చైపోతుంది. బ్లీచింగ్‌లో బాత్‌రూమ్ యాసిడ్ కలిపితే విషవాయువు పుడుతుంది, ఎట్టి పరిస్థితిలోనూ కలపవద్దు. జానమాజులు, జంఖానాలు బాగా ఉతికి ఎండలో ఆరేయాలి. నమాజుకు స్థలం, బట్టలు పాక్‌గా ఉండాలని మనకు తెలిసిందే.

దాతలకు ఒక మనవి. బయటికి పోయే మురుగు పైపుకు నాన్ రిటర్న్ వాల్వు పెడితే కాలువ నిండినా మురుగు వెనక్కి రాదు. అది మూసుకున్నంతసేపు లోపలి నీళ్లు కూడా బయటికి పోవు. అప్పుడు కుళాయిలు వాడకూడదు. దాన్ని అప్పుడప్పుడు శుభ్రం కూడా చేయించాలి. గదికి, ఫ్యానుకు దాత పేరు రాస్తారు. ఈ వాల్వు మీద ఎవరి పేరూ కనిపించదు. కానీ కింది అంతస్తులో పడుకునే పిల్లలను ప్రతి వానలోనూ కాపాడేది అదే. ఇది కూడా సదఖా-ఎ-జారియానే. అక్టోబరు వానలకు ముందే మీరు సాయం చేసే భవనం నేల మట్టం, కాలువ మట్టం ఒకసారి కొలిపించండి.