కరగక మిగిలిన వెండి

భోజనపు బల్లపై అమర్చు వెండిపాత్రల పనితనమునకు ఫ్రాన్సు దేశము పెట్టినది పేరు. అయినను 1789 నాటి విప్లవమునకు పూర్వపు పాత్రలు ఆ దేశమున అత్యల్పముగా మిగిలినవి. వెండి కళావస్తువే గాక ధనము కూడ అగుటయే ఇందుకు హేతువు.

పదునాలుగవ లూయీ రాజు యుద్ధవ్యయమునకై 1689లో వర్సాయి ప్రాసాదమందలి వెండి బల్లలను, దీపస్తంభములను, ఇతర సామగ్రిని టంకశాలకు పంపెను. దాదాపు 20 టన్నుల వెండి కరగిపోయెను. 1709లో ప్రభువుల పళ్లెరములకును అదే గతి పట్టినది. అంతట వారు మెరుగుపూత గల మట్టిపళ్లెరములలో భుజింపసాగిరి. పదునైదవ లూయీ కాలమున 1759లో మరల ఇట్లే జరిగెను. మిగిలినదానిలో చాలభాగము విప్లవకాలమున కరగినది.

చిత్రమేమనగా, పరదేశములకు పోయిన పాత్రలు కొన్ని ఈ అగ్నిని తప్పించుకొన్నవి. పారిసు శిల్పి తోమా జెర్మే పోర్చుగల్ రాజునకు చేసి పంపిన పాత్రలు 1755 నాటి లిస్బను భూకంపమున నశించినవి. పిమ్మట జోసే రాజు, తోమా కుమారుడగు ఫ్రాన్స్వా-తోమా జెర్మే చేత క్రొత్త పాత్రలను చేయించుకొనెను. ఆ శిల్పి 1765లో దివాలా తీసెను. అతని పాత్రలు మాత్రము లిస్బనులోని ప్రాచీనకళా జాతీయ ప్రదర్శనశాలలో నేటికిని కలవు.

ఇట్టి పాత్రలను సేకరించువారు మొట్టమొదట పరికించునది వానిపైగల చిన్న ముద్రలను. విప్లవపూర్వపు పారిసు పాత్రపై సాధారణముగా నాలుగు ముద్రలుండును. ఒకటి పనివానిది. మరియొకటి వెండి మేలిమిని పరీక్షించిన వృత్తిసంఘముది. ఇది ఏటేట మారు అక్షరము. తక్కిన రెండును పన్ను గుత్తదారువి; ఒకటి పని నడుచుచుండగా, రెండవది పన్ను చెల్లిన పిమ్మట వేయుదురు. 1838లో మినర్వా దేవత శిరస్సుగల ముద్ర వచ్చినది. దానిలో 1 అంకె ఉన్నచో వేయింట 950 పాళ్లు, 2 ఉన్నచో 800 పాళ్లు వెండి యని భావము. 1842లో క్రిస్తోఫ్ల్ సంస్థ విద్యుత్తుచే వెండిపూత పూయు హక్కులను కొనెను. అట్టి పూతపాత్రలపై మినర్వా ఉండదు.

మోసమును, పన్ను ఎగవేతను అరికట్టుటకు వేసిన ముద్రలే నేడు చరిత్రకారునకు శాసనాక్షరములు. కాలమును, ఊరును, చేసిన చేతిని అవి తెల్పును. కనుకనే అతిగా తోమి ముద్ర చెరపిన పాత్రకంటె, మాసియైనను ముద్ర నిలిచిన పాత్రకే విజ్ఞులు విలువ నిత్తురు. విద్యార్థులు ప్రదర్శనశాలలో ఇట్టి పాత్రను చూచునపుడు, దాని మెరుపుతో తృప్తిపడక ముద్రలెచ్చట నున్నవని అడుగుట మంచిది.