మీకు తెలుసా? బిడ్డలను మ్రింగినవాని పేరు

పుట్టిన బిడ్డలను పుట్టినట్లే మ్రింగివేసిన గ్రీకు పురాణపురుషుడు క్రోనస్ పేరు ఒక సూక్ష్మజీవికి పెట్టబడినది. అదియే పసిబిడ్డల పాలపొడిలో పొంచియుండు క్రోనోబాక్టర్ సకజాకీ. తడియే లేని పొడిలో రెండేండ్లకు పైబడి ప్రాణము నిలుపుకొనగల యీ జీవి, అరుదుగానే యైనను, నెలలు నిండక జన్మించిన శిశువుల రక్తమునందును మెదడుపొరలయందును ప్రవేశించినచో ప్రాణాంతకమగును. 2001లో అమెరికాలోని టెనెస్సీ రాష్ట్రమున, ఆసుపత్రిలో వైద్యుల కనుసన్నలలోనే పట్టిన పోతపాల మూలమున ఒక పసికందు, అయ్యో, అసువులు బాసెను. మూత తీయని డబ్బాలలో సైతము ఆ జీవియే కనబడెను. ఎంత శుచిగా తయారుచేసినను పాలపొడి సంపూర్ణముగ సూక్ష్మజీవిరహితము కాదు. కావున 70 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గని వేడినీటిలో కలిపి, త్వరగా చల్లార్చి, ఆలస్యము లేక పట్టవలెనని 2007లో ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచించినది.