ముడత పోవాలి, ముఖకవళిక నిలవాలి

నుదుటి మీది అడ్డగీతలు, కనుబొమల మధ్య నిలువు గీతలు కండరాలు పదేపదే ముడుచుకోవడం వల్ల పడతాయి. బొటాక్స్ పేరుతో జనానికి తెలిసిన బొటులినమ్ టాక్సిన్, నాడి చివర ఎసిటైల్‌కోలిన్ విడుదల కాకుండా అడ్డుకుంటుంది. ఆదేశం అందని కండరం సడలుతుంది, గీత పలచబడుతుంది. కెనడాలో కంటి వైద్యురాలు జీన్ కరూథర్స్ రెప్పలు బిగుసుకుపోయే జబ్బుకు ఈ మందు వాడుతూ ఆ ఫలితాన్ని గుర్తించారు. చర్మవైద్యుడైన భర్త అలస్టెయిర్‌తో కలిసి 1992లో దాన్ని ప్రచురించారు. కనుబొమల మధ్య గీతలకు అమెరికాలో 2002లో అనుమతి లభించింది.

కనుబొమను పైకెత్తేది నుదుటి కండరం ఒక్కటే, కిందికి లాగేవి మాత్రం చాలా ఉన్నాయి. ఈ రెండు లాగుళ్ల మధ్యే ఆశ్చర్యం, కోపం, దిగులు పలుకుతాయి. పొరపాట్లు ఎక్కువగా ఈ తూకం తప్పడం వల్లే వస్తాయి. నుదుటికి మోతాదు మించితే కనుబొమలు జారి కళ్లు బరువెక్కుతాయి. రెప్పలు వదులై, నుదురెత్తి చూడడం అలవాటైన పెద్దవారికి ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. నుదుటి మధ్యలోనే మందు వేసి పక్కలు వదిలేస్తే కనుబొమ చివరలు విడ్డూరంగా పైకి లేస్తాయి. అక్కడ కొద్దిపాటి మందు వేస్తే సర్దుకుంటాయి. మందు పైరెప్పను ఎత్తే కండరానికి పాకితే రెప్ప వాలుతుంది. అందుకే కనుబొమ మీద సూదిని కంటి గూటి ఎముక అంచుకు కనీసం 1 సెంటీమీటరు పైన వేస్తారు. కంటి చుట్టూ ఉన్న వలయ కండరాన్ని పూర్తిగా సడలిస్తే పెదవులు నవ్వినా కళ్లు నవ్వవు.

కాబట్టి కదిలే ముఖాన్ని చూసే మోతాదు నిర్ణయించాలి. సూదికి ముందు వైద్యులు భృకుటి ముడవమంటారు, కనుబొమలు ఎత్తమంటారు, నవ్వమంటారు. కండరం ఉబ్బిన చోట చుక్క పెడతారు, కుడి ఎడమల తేడాలను ఫొటో తీసుకుంటారు. కనుబొమల మధ్య గీతలకు బొటాక్స్ ప్రామాణిక మోతాదు 5 చోట్ల కలిపి 20 యూనిట్లు. ఒక కంపెనీ యూనిట్ మరో కంపెనీ యూనిట్‌కు సమానం కాదు. పూర్తి ఫలితం కనిపించడానికి దాదాపు 2 వారాలు పడుతుంది. తక్కువతో మొదలుపెట్టి అప్పుడు అవసరమైతే కలపడం మేలు. ఎక్కువైన మందుకు విరుగుడు లేదు. ప్రభావం తగ్గడానికి 3, 4 నెలలు ఆగాల్సిందే.

ముడతలకు సూదితోనే ఎక్కించే ఫిల్లర్ల సంగతి వేరు. అవి కండరాన్ని సడలించవు, లోతు పడిన చోటును నింపుతాయి. అతిగా నింపితే చెంపలు ఉబ్బి నవ్వు సహజత్వం పోతుంది. ధమనిలోకి వెళితే చర్మం చచ్చుబడవచ్చు, అరుదుగా చూపు పోవచ్చు. తీవ్రమైన నొప్పి, చర్మం పాలిపోవడం, చూపు మసకబారడం కనిపిస్తే క్షణం ఆలస్యం చేయకూడదు. హైయలురానిక్ ఆమ్లం ఫిల్లర్లను కరిగించే హైయలురానిడేజ్ ఎంజైమ్ వైద్యుల దగ్గర సిద్ధంగా ఉండాలి.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మయస్థీనియా గ్రేవిస్ వంటి నాడీకండర జబ్బులున్నవారు బొటాక్స్‌కు దూరంగా ఉండాలి. మిగిలినవారు కూడా ముఖ నిర్మాణం క్షుణ్ణంగా తెలిసిన వైద్యుల దగ్గరే, మందు పేరు, మోతాదు రాయించుకుని చికిత్స పొందాలి.