మీకు తెలుసా? రాలే ముందే ఆకును పిండుకుంటుంది చెట్టు

ఆకురాలు కాలంలో నల్లమలలో టేకు చెట్ల కింద అడుగు వేస్తే చీలమండ దాకా ఎండుటాకులే. అదంతా నేలకు బలమైన ఎరువు అనుకుంటాం. చెట్టుది అంత ధారాళమైన చెయ్యి కాదు! ఆకు రాలడానికి ముందే అందులోని ప్రొటీన్లను విడగొట్టి నత్రజనినీ, దాంతోపాటు భాస్వరాన్నీ కొమ్మల్లోకి తోడేసుకుంటుంది. ఈ రెండింటిలో సుమారు సగం, చాలా చెట్లలో అంతకన్నా ఎక్కువే, ఇలా వెనక్కి వెళ్తుంది. వచ్చే చిగుళ్లకు అదే పెట్టుబడి. ఆకు పసుపెక్కిందంటే ఈ పని సాగుతోందని అర్థం.

కాల్షియాన్ని మాత్రం చెట్టు వెనక్కి తీసుకోలేదు. అది చాలావరకు కణాల గోడల్లోనే ఇరుక్కుపోతుంది. ఇల్లు ఖాళీ చేసేవాళ్లు సామాను పట్టుకెళ్లి గోడల్ని వదిలేసినట్టన్నమాట. అందుకే లేతాకులో నత్రజని ఎక్కువ, ముదురాకులో కాల్షియం ఎక్కువ.

దమ్ము చేసిన వరి మడిలో మన రైతులు కానుగ రొట్టను పచ్చిగా ఉండగానే తొక్కించేవారు. రాలిన ఆకు ఏరుకొచ్చి వేస్తే అందులో సగం సారం అప్పటికే చెట్టెక్కేసి ఉంటుంది మరి. కానుగ చిక్కుడు కుటుంబానిది. వేరు బుడిపెల్లో ఉండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది కాబట్టి ఇలాంటి చెట్ల ఆకుల్లో సాధారణంగా నత్రజని ఎక్కువ.

ఒకే చెట్టులో కూడా తేడాలుంటాయి. ఎండ తగిలే పైకొమ్మల ఆకులు మందంగా పెరుగుతాయి. అంతే వైశాల్యమున్న నీడ ఆకుతో పోలిస్తే వాటిలో నత్రజని ఎక్కువ.

ఆకులో ఏముంటుందనేది నేల చేతిలో కూడా ఉంది. లక్షల ఏళ్ల వానలకు కొట్టుకుపోయి అమెజాన్ నేలల్లో భాస్వరం అడుగంటింది. అక్కడి అడవికి సహారా ఎడారి దుమ్ము సముద్రం దాటొచ్చి ఏటా సుమారు 22,000 టన్నుల భాస్వరం అందిస్తోందని 2015లో నాసా సాయంతో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు.

నేలలో ఏది మెండుగా ఉంటే అది ఆకులోకి ఎక్కడమూ ఉంది. పసిఫిక్ సముద్రంలోని న్యూ కలెడోనియా దీవిలో నికెల్ నిండిన నేలలున్నాయి. అక్కడ పెరిగే పిక్నాండ్రా అక్యుమినాటా చెట్టు ఆకుల్లో, ఎండు బరువు లెక్కన, నూటికి ఒక పాలుకు పైగా నికెలే. గాటు పెడితే కారే పాలు నీలం కలిసిన ఆకుపచ్చ రంగులో ఉంటాయి. ఆ పాలను ఎండబెడితే నాలుగో వంతు దాకా నికెల్ తేలుతుంది!