లాప్‌టాపునకు నిస్తంత్రీ కార్డు

రేడియో గల గృహములవారికి ఆకాశ తరంగములు క్రొత్తవి కావు. ఏరియలు తీగ ఊడినచో ఎంత మంచి సెట్టయినను గురగురలాడుట మనమెరిగినదే. లాప్‌టాపులోని వైఫై కార్డు కూడ ఒక చిన్న రేడియోయే. భేదమేమనగా, మన రేడియో వినిపించుటయే గాని బదులు పలుకదు. ఈ కార్డు వినును, పలుకును. మధ్యమ తరంగముల పొడవు వందల మీటర్లు. ఈ కార్డు వాడు 2.4 గిగాహెర్ట్జుల తరంగము పొడవు సుమారు 12 సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జులది సుమారు 6 సెంటీమీటర్లు.

పాత లాప్‌టాపున పిల్లల పాఠము నడుమ నడుమ ఆగిపోవుచుండును. దూరదేశమందలి బిడ్డ ముఖము తెరపై కదలక నిలిచిపోవును. క్రొత్త యంత్రమే కొనవలెనేమో యని గృహస్థుడు చింతించును. అదే గదిలో వేరొక యంత్రమునకు చక్కగా అందుచు, దీనికి మాత్రమే అందకున్నచో కార్డును అనుమానింపవలెను. దానిని మార్చుట స్వల్పవ్యయముతో తీరు పని. అయితే అట్టపెట్టె మీది పెద్ద అంకెను చూచి కొనుట తగదు. ముందుగా మూడు విషయములు విచారింపవలెను.

మొదటిది కార్డు కూర్చుండు చోటు. పూర్వపు యంత్రములలో మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్ అను గాడి యుండెను. తరువాతి వానిలో ఎం.2 గాడి వచ్చినది. అందలి కార్డు సాధారణముగా 22 మిల్లీమీటర్ల వెడల్పు, 30 మిల్లీమీటర్ల పొడవు గలది. ఒకదానిది మరియొకదానిలో అమరదు. కొన్ని యంత్రములలో కార్డు పలకకే అతికించబడి యుండును. కొన్ని తమ జాబితాలో లేని కార్డును అంగీకరింపవు. ఇంటెలు వారి ఏఎక్స్ 200, ఏఎక్స్ 201 అను కార్డులు చూపులకు కవలలు. మొదటిది సాధారణ మార్గమున పనిచేయును. రెండవదాని పనిలో కొంత భాగము ఇంటెలు ప్రాసెసరు పక్షమున జరుగును. ఆ ఏర్పాటు లేని యంత్రమున అది మూగవోవును. ఒక్క అంకె భేదమునకు సొమ్మంతయు వృథా.

రెండవది ఇంటి రౌటరు. 1997లో వెలువడిన తొలి ప్రమాణము సెకనుకు 2 మెగాబిట్లకు మించలేదు. 2009లో వైఫై 4, 2013లో వైఫై 5, 2021లో వైఫై 6 అనబడు ప్రమాణములు ఆమోదము పొందినవి. కార్డు క్రొత్తదై రౌటరు పాతదైనచో, ఇద్దరును పాతవాని భాషలోనే మాటాడుకొందురు. 2.4 తరంగములు గోడలను కొంత సులువుగా దాటును గాని, ఇరుగుపొరుగు రౌటర్ల రొద అక్కడ హెచ్చు. 5 తరంగములు వేగవంతములు. గోడలకు త్వరగా లొంగును. కనుక రెండింటిని అందుకొను కార్డే మేలు.

మూడవది ఏరియలు. తెర చుట్టునుండి సన్నని తీగలు, సాధారణముగా రెండు, కార్డునకు వచ్చును. ఒకటి ఊడియున్నను వేగము తగ్గును. అట్టియెడ క్రొత్త కార్డు అక్కరయే లేదు. ఎం.2 కార్డు మీది తీగ మొనలు పాతవానికంటె చిన్నవని గుర్తుంచుకొనవలెను.

మూత తెరచుటకు ముందు విద్యుత్తు ఆపి, బ్యాటరీ తీగను వేరుచేయవలెను. తెరువ వీలులేని యంత్రమునకు యూఎస్‌బీ రంధ్రమున గ్రుచ్చు వైఫై పరికరము ఉపాయము. ఏది కొన్నను, మన యంత్రపు ఆపరేటింగు సిస్టమునకు తగిన డ్రైవరు లభించునో లేదో అడుగవలెను. లాప్‌టాపు నమూనా, పాత కార్డు పేరు, రౌటరు పేరు ఒక కాగితముపై వ్రాసికొని అంగడికి వెళ్లినచో మోసపోవు భయముండదు.