హుస్సేన్ సాగర్ తీరాన

ఊరి పక్కన చెరువు ఉండడం తెలుగు నేలపై సర్వసాధారణం. ఆ చెరువు పొలాలను తడుపుతుంది. పశువుల దాహం తీరుస్తుంది. సాయంకాలం నలుగురూ కట్ట మీద చేరి సేదతీరడానికి చోటు కల్పిస్తుంది. సికింద్రాబాద్‌కు అటువంటి చెరువు హుస్సేన్ సాగర్. ఈ నీటితో ఊరికి గల అనుబంధం కాలక్రమంలో ఎట్లా మారిందో పరిశీలిస్తే, ఏ సరస్సుకైనా వర్తించే ఒక సత్యం బోధపడుతుంది.

హుస్సేన్ సాగర్ జంటనగరాలు రెండింటి కన్నా పాతది. ఇబ్రహీం కులీ కుతుబ్ షా పాలనలో, 1562-63 ప్రాంతంలో, మూసీ ఉపనదిపై దీనిని నిర్మించారు. నిర్మాణాన్ని పర్యవేక్షించిన హుస్సేన్ షా వలీ పేరు మీద దీనికి హుస్సేన్ సాగర్ అనే పేరు వచ్చింది. హైదరాబాద్ నగరానికి 1591లో పునాది పడింది. 1798 నాటి సైన్య సహకార ఒప్పందం ప్రకారం వచ్చిన ఆంగ్ల సైన్యం సరస్సుకు ఉత్తరాన ఉన్న మైదానాలలో విడిది చేసింది. ఆ విడిదికి 1806లో నిజాం సికందర్ జా పేరు పెట్టారు. ఆ విధంగా సికింద్రాబాద్ పుట్టుకతోనే సరస్సు తీరపు ఊరు అయింది. రెండు నగరాలనూ కలిపే దారి ఈ చెరువు కట్టే కావడం విశేషం. అదే నేటి ట్యాంక్ బండ్.

సైనికులతోపాటు వారి క్రీడలు కూడా ఈ తీరానికి చేరాయి. వాటిలో తెరచాప పడవల పోటీ ముఖ్యమైనది. నేటికీ సికింద్రాబాద్ వైపు ఒడ్డున ఈ క్రీడ సజీవంగా ఉంది. సైన్యంలోని ఈ.ఎం.ఇ. విభాగానికి చెందిన సెయిలింగ్ అసోసియేషన్ ఇక్కడ శిక్షణ ఇస్తుంది. దశాబ్దాలుగా వర్షాకాలంలో ‘హైదరాబాద్ సెయిలింగ్ వీక్’ పేరుతో జాతీయస్థాయి పోటీలు జరుగుతున్నాయి.

ఈ పోటీలకు వర్షాకాలాన్నే ఎంచుకోవడానికి కారణం గాలి. జూన్ మొదలుకొని నైరుతి రుతుపవనాలు దక్కన్ పీఠభూమిపై బలంగా వీస్తాయి. విశాలమైన నీటిపై వాటికి అడ్డంకి తక్కువ. అందుచేత పడవకు కావలసిన వేగం లభిస్తుంది. అయితే ఒడ్డున ఎత్తైన భవనాలు ఉన్నచోట గాలి దిశ అకస్మాత్తుగా మారుతుంది. ఆ మార్పును ముందుగా పసిగట్టగలిగినవారే నేర్పరులు.

గాలి వెనుకనుంచి వీచినప్పుడు పడవ ముందుకు పోవడం సులభంగా అర్థమవుతుంది. కాని ఎదురుగాలిలో అది ఎట్లా సాగుతుంది? తెరచాప పక్షి రెక్కవలె వంపు తిరిగి ఉంటుంది. ఏటవాలుగా వచ్చిన గాలి దాని రెండు వైపులా ప్రవహించినప్పుడు, ఒకవైపు ఒత్తిడి తగ్గి, తెరచాప ఆ వైపునకు లాగబడుతుంది. పడవ పక్కకు కొట్టుకుపోకుండా అడుగున నీటిలోకి దిగి ఉన్న పలక అడ్డుకుంటుంది. మిగిలిన బలం పడవను ముందుకు నడిపిస్తుంది. అయినప్పటికీ గాలికి సూటిగా ఎదురు వెళ్ళడం అసాధ్యం. కనుక నావికుడు కొంతదూరం కుడికి, కొంతదూరం ఎడమకు వంకరటింకరగా సాగుతూ గమ్యం చేరుతాడు. బలంకన్నా యుక్తి ప్రధానమైన క్రీడ ఇది.

ఒకప్పుడు సంపన్నులకు, అధికారులకు మాత్రమే పరిమితమైన ఈ క్రీడ క్రమంగా సామాన్యులకూ అందుతున్నది. 2009లో ఏర్పడిన హైదరాబాద్ యాట్ క్లబ్ పేద కుటుంబాల బాలబాలికలకు పడవ నడపడం నేర్పింది. సుమారు 2.3 మీటర్ల పొడవుండే ‘ఆప్టిమిస్ట్’ అనే చిన్న పడవతో వారి శిక్షణ ఆరంభమవుతుంది. అట్లా నేర్చుకున్నవారిలో కొందరు జాతీయ పోటీలలో పతకాలు సాధించారు.

పడవ ఎక్కనివారికి కూడా ఈ తీరం ఆటవిడుపే. సంజీవయ్య పార్కులో తెల్లవారుజామున నడకకు వచ్చేవారు, నెక్లెస్ రోడ్డుపై సైకిలు తొక్కే యువకులు, సాయంత్రం కట్ట మీద పిల్లలతో కూర్చునే కుటుంబాలు ఈ తీరానికి నిత్య శోభ. 1992లో సరస్సు మధ్యన ప్రతిష్ఠించిన ఏకశిలా బుద్ధ విగ్రహం దూరంనుంచే దర్శనమిస్తుంది.

ఇంత అందం నడుమ ఒక విషాదం దాగి ఉంది. పూర్వం ఈ సరస్సు నగరానికి తాగునీరు కూడా అందించింది. తరువాత ఉస్మాన్ సాగర్ (1920), హిమాయత్ సాగర్ (1927) నిర్మితమయ్యాయి. క్రమంగా తాగునీటి కోసం హుస్సేన్ సాగర్ అవసరం తీరిపోయింది. తాగడం మానిన నీటిని కాపాడడం కూడా నగరం మరచింది. ఇళ్ళ మురుగు, కర్మాగారాల వ్యర్థాలు కూకట్‌పల్లి నాలా వంటి కాలువల ద్వారా సరస్సులో కలిశాయి. మురుగులోని నత్రజని, భాస్వరం నాచుకు ఎరువుగా మారాయి. నాచు విపరీతంగా పెరిగి, చనిపోయి కుళ్ళినప్పుడు నీటిలోని ప్రాణవాయువు హరించుకుపోతుంది. అప్పుడు చేపలు చనిపోతాయి, దుర్వాసన పుడుతుంది. ఆక్రమణలవల్ల సరస్సు విస్తీర్ణం కూడా తగ్గింది.

ఈ స్థితిని చక్కదిద్దడానికి ప్రయత్నాలు జరగకపోలేదు. 2006లో జపాన్ రుణ సహాయంతో సరస్సు, దాని పరీవాహక ప్రాంతాల అభివృద్ధి పథకం మొదలైంది. మురుగును మళ్ళించడం, శుద్ధి చేయడం, పూడిక తీయడం ఇందులోని పనులు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాల నిమజ్జనాన్ని నిషేధిస్తూ 2021లో తెలంగాణ హైకోర్టు ఆదేశించింది. ఆ ఏడాదికి మాత్రం సుప్రీంకోర్టు మినహాయింపునిచ్చింది. ఈ ప్రయత్నాలన్నీ జరిగినా సమస్య పూర్తిగా తీరలేదు. ఒడ్డున పూలమొక్కలు నాటడం సులభం. ఎగువన వేలాది ఇళ్ళనుంచి వచ్చే మురుగును ఆపడం కష్టం. సరస్సు ఆరోగ్యం మాత్రం ఆ కష్టమైన పనిమీదనే ఆధారపడి ఉంది.

అవసరం తీరిన నీరు ఆదరణకు దూరమైంది. నేడు ఆ అవసరం మరొక రూపంలో తిరిగి వచ్చింది. పడవ తిరగబడితే ఈ నీటిలోనే పడే బాలునికి, ఈ గాలినే పీల్చుతూ నడిచే వృద్ధునికి సరస్సు శుభ్రత కేవలం అందానికి సంబంధించిన విషయం కాదు. వినోదం కోసం సరస్సు దగ్గరకు వచ్చేవారే దాని మంచిచెడులను అందరికన్నా ముందుగా గుర్తించగలరు. వారు చూసి ఊరుకోక ప్రశ్నించడం, తమ ఇంటి వ్యర్థాలను కాలువలో పారవేయకుండా ఉండడం, మట్టి విగ్రహాలనే పూజించడం ఆచరణలోకి రావాలి. అప్పుడే రాబోయే తరాల తెరచాపలు కూడా స్వచ్ఛమైన నీటిపై సాగుతాయి.