ఆటగాళ్లు కావలెను

పేకాటలో ఒక చేయి తక్కువైతే పక్కింటాయనను పిలిచి కూర్చోబెట్టవచ్చు. ఆయన స్వభావం ఎటువంటిదైనా ఆటకు వచ్చే లోటు లేదు. నియమాలు తెలిస్తే చాలు. నియమాలు ఎంత తెలిసినా, అభిరుచులు కలవనిదే సాగని ఆట ఒకటున్నది.

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అనే చిన్న పట్టణంలో నివసించిన గేరీ గైగాక్స్, పొరుగు రాష్ట్రమైన మిన్నెసోటాకు చెందిన డేవ్ ఆర్నెసన్ కలిసి 1974లో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటను వెలువరించారు. తొలి ముద్రణ 1,000 ప్రతులు మాత్రమే. ఈ ఆటలో నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు సూత్రధారుడు, కోటలను, అడవులను, రాక్షసులను మాటలతో సృష్టిస్తాడు. తక్కినవారు తలా ఒక పాత్ర ధరించి, తామేం చేయదలచారో చెబుతారు. తలపెట్టిన పని నెరవేరిందో లేదో పాచికలు తేలుస్తాయి. గెలుపోటములు లేవు. ఒకే కథ నెలల తరబడి, కొన్ని చోట్ల సంవత్సరాల తరబడి నడుస్తుంది.

విశేషమేమంటే, ఈ ఆట పుట్టుకే తోడు కోసం జరిగిన అన్వేషణ ఫలితం. అంతకు ముందు బల్లమీద యుద్ధక్రీడలాడేవారు ఊరికొకరు చొప్పున ఒంటరిగా ఉండేవారు. అవలాన్ హిల్ సంస్థ 1964లో ప్రారంభించిన ‘ది జనరల్’ పత్రికలో ‘ప్రత్యర్థులు కావలెను’ అనే ప్రకటనలు వెలువడేవి. గైగాక్స్ 1968లో తన ఊళ్లోని హార్టికల్చరల్ హాలును 50 డాలర్లకు అద్దెకు తీసుకొని అటువంటి వారందరినీ ఒకచోట చేర్చాడు. మరుసటి సంవత్సరం జరిగిన సమావేశంలోనే ఆయనకు ఆర్నెసన్ తారసపడ్డాడు.

మనుషులు దొరికినంత మాత్రాన చిక్కు తీరలేదు. 1980లో గ్లెన్ బ్లేకో అనే ఆటగాడు ‘డిఫరెంట్ వరల్డ్స్’ పత్రికలో రాసిన వ్యాసంలో ఆడే తీరులను నాలుగుగా విభజించాడు. తన పాత్రకు నానాటికీ బలం, సంపద పెరగాలని కోరే ఆట ఒకటి. వ్యూహంతో శత్రువును దెబ్బతీయడంలో ఆనందించేది రెండవది. పాత్రలో లీనమై, ఆ పాత్ర మాట్లాడినట్లే మాట్లాడేది మూడవది. కథ రక్తికట్టడమే ప్రధానమనుకునేది నాల్గవది.

ఈ నలుగురినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెడితే ఏమవుతుంది? ఒకాయన సత్రం యజమానితో గంటసేపు బేరమాడుతూ పరవశిస్తుంటాడు. పక్కనున్నవాడు కత్తి దూయడానికి సందు దొరకక ఆవులిస్తుంటాడు. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. కాని ఆ రాత్రి ఇద్దరూ ఎదుటివాడే ఆటను పాడుచేశాడన్న నిశ్చయంతో ఇళ్లకు వెళతారు. ఎక్కడో దూరాన ఉద్యోగానికి వచ్చి, వారానికొక సాయంత్రమైనా మనుషుల మధ్య గడపాలని ఆశపడినవాడికి ఇది చిన్న నష్టం కాదు. అతడు మళ్లీ ఇంకొక బృందం తలుపు తట్టకపోవచ్చు.

అందుకే అనుభవజ్ఞులు ఆట మొదలుపెట్టక ముందు ఒక పూట కేవలం మాట్లాడుకోవడానికే కేటాయిస్తారు. దీనినే ‘సెషన్ జీరో’ అంటారు. ఏ రోజు, ఎన్ని గంటలు, హాస్యమా, భయానకమా అన్నవి అప్పుడే తేల్చుకుంటారు. కథలోకి రాకూడని విషయాలనూ చెప్పుకుంటారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఎదుట సూత్రధారుడు తెలియక శిశుమరణాన్ని వర్ణించే ప్రమాదం తప్పుతుంది. ముందుగా చెప్పడానికి నోరు రానివారికి జాన్ స్టావ్రోపౌలోస్ ప్రచారంలోకి తెచ్చిన ఉపాయమొకటి ఉన్నది: బల్లమీద ‘ఎక్స్’ గుర్తున్న కార్డు ఉంచుతారు. దానిని తాకితే చాలు, కారణం అడగకుండా ఆ సన్నివేశాన్ని మార్చివేస్తారు. ఇంత ఏర్పాటూ అతి అనుకునేవారు లేకపోలేదు. ఒకసారి బల్ల దగ్గర ఎవరైనా కన్నీరు పెట్టుకోవడం చూసినవారు ఆ మాట అనరు.

కొత్త పరిచయస్థులతో ఏడాది పొడుగునా సాగే కథను ఎత్తుకోవడం కంటే, ఒక్క పూటలో ముగిసే ఆట ఆడి చూడడం మేలు. కుదరకపోతే మర్యాదగా విడిపోవచ్చు. మధ్యలో చెప్పకుండా మానేస్తే మిగిలినవారి కథ కుంటుపడుతుంది.

ప్రకటన రాయడంలోనూ నేర్పు ఉండాలి. ‘ఆటగాళ్లు కావలెను’ అంటే ఎవరు వచ్చేదీ తెలియదు. ‘ఆదివారం సాయంత్రం 4 గంటలకు. పోరాటం తక్కువ, సంభాషణ ఎక్కువ. నియమాలు తెలియకున్నా నేర్పుతాము. ఇంట్లో పిల్లి కలదు’ అని రాస్తే రాదగినవారే వస్తారు. పిల్లి వెంట్రుకలు తగిలితే తుమ్ములు వచ్చేవారు వేరే బల్ల వెతుక్కుంటారు.